తొట్టినిండా నీళ్లు

ఆ పొద్దున హుస్సేన్ పీరా వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, నమాజు, ఆపైన సముద్రం. అది పందొమ్మిది వందల యాభై తొమ్మిది, వానలు లేని ఏడాది. కరువు ఊరు గుమ్మఘట్టలో వేరుశనక్కాయల బేరం చేసుకునే ఆయనకు మద్రాసు నూనెమిల్లు యజమాని సంతోషించి, సముద్రపు ఒడ్డున దొరల కాలంనాటి పెద్ద హోటల్లో గది ఇప్పించాడు. గది ఇద్దరికి. సముద్రం చూడాలని ముచ్చటపడిన భార్య జుబేదాబీ మాత్రం ఆ కబురు రాకముందే కన్నుమూసింది. ఒక్కడే వచ్చిన పీరా దిగినప్పటినుంచి మాట్లాడే మనిషి కోసం మొహం వాచి ఉన్నాడు.

స్నానాలగదిలో కొళాయి తిప్పగానే నీళ్లు దూకాయి. గుమ్మఘట్ట మనిషి వచ్చే నీళ్లను చూస్తూ ఊరుకోలేడు. మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? మనిషి పడుకునేంత పింగాణీ తొట్టి నింపాడు. కూజా, పూలసీసా, టీకప్పులు రెండూ నింపాడు. చెంబెడు నీళ్లతో స్నానం ముగించి సముద్రం చూడ్డానికి పోయాడు. తిరిగొచ్చేసరికి గది శుభ్రంచేసే రామదాసు అన్నీ పారబోసి తుడిచిపెట్టాడు.

ఇన్ని నీళ్లూ నేలపాలా అనుకున్నాడు పీరా. మళ్లీ అంచుదాకా నింపి, గడియ వేసి, తొట్టి పక్కన కుర్చీలో కాపలా కూర్చున్నాడు. ఇంట్లో ఈ కాపలా జుబేదాబీది. ఆమె గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

రామదాసు తలుపు తట్టాడు. పీరా వారగా తెరిచి, "ఆ నీళ్లు ముట్టొద్దప్పా. నన్నిట్లా ఉండనీ," అన్నాడు.

రామదాసు తడికళ్లను చూశాడు, నిండిన తొట్టిని చూశాడు, మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. కాసేపట్లో డాక్టరు వచ్చి నాడి పట్టుకున్నాడు. కిటికీకి మేకులు కొట్టారు. గడ్డంకత్తి పట్టుకుపోయారు.

"కత్తి ఏంటికి తీసకపోయినారు?"

"నూరి ఇస్తారండీ," అన్నాడు రామదాసు. ఆయన్ని ఒక్క క్షణం విడవొద్దని మేనేజరు అతన్ని అక్కడే కూర్చోబెట్టాడు.

పెద్ద హోటళ్లలో మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలనుకున్నాడు పీరా. రెండో కప్పులో రామదాసు టీ తాగాడు, ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఎండిన బావి గురించి, జుబేదాబీ గురించి చెప్పి చెప్పి పీరా మనసు తేలికపడింది. ఇక్కడ కొళాయి ఎప్పుడూ ఆగదని రామదాసు ఒట్టేస్తే తొట్టి ఖాళీ చేయనిచ్చాడు.

మర్నాడు డాక్టరు వచ్చి, మనిషి భేషుగ్గా ఉన్నాడని తేల్చాడు. రామదాసు లేచాడు.

"యాడికి పోతాండావప్పా? టీ తాగి పోదువులే."

"నా కాపలా అయిపోయిందండీ. మీరు ఆ తొట్టిలో పడి ప్రాణం తీసుకుంటారేమోనని కూర్చోబెట్టారు."

పీరా తెల్లబోయాడు. "సచ్చేదానికి అన్ని నీళ్లు ఎవురన్నా పాడు చేస్తారా?"

రామదాసు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. గది మళ్లీ ఇద్దరిదైంది, ఉన్నది ఒక్కడు. ఖాళీ కప్పును పీరా చాలాసేపు చూశాడు. ఊరికి పోవడానికి ఇంకా రోజులున్నాయి. లేచి వెళ్లి కొళాయి తిప్పాడు.

ఈసారి గడియ వేయలేదు. కుర్చీలు మాత్రం రెండు వేశాడు.