తోటలోంచి బయటికి వెళ్ళే విధానం

మనిషి మూడు వందల గజాల దూరం వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి రావడానికి పదిహేడు వస్తువులు అవసరమని మా తోట సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అందుచేత వారంలో మూడు రోజులు, పొద్దున్నే ఆరింటికి నేను సంచి సర్దుతాను. టోపీ, చేతి తొడుగులు, చిన్న గునపం, నీళ్ళ సీసా, గుర్తింపు కార్డు, ఈల వగైరా. (ఈల పాము కనబడితే ఊదడానికి. పాముకు ఈల సరిగ్గా వినబడదని ఎక్కడో చదివాను. ఊదేది పాము కోసం కాదు, కార్యదర్శి గారి కోసమని పదకొండో నిబంధనలో ఉంది.) ఇవి కాక నా భయాల తాలూకు వస్తువులు ఇంకో ఆరు: బీపీ మాత్రలు, ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబర్లు రాసిన చీటీ, పట్టపగలు వాడటానికి టార్చిలైటు, మార్చుకోవడానికి ఒక చీర, రెండో నీళ్ళ సీసా. మా చర్చి వాళ్ళతో మూడు రోజుల మహాసభలకు వెళ్ళినప్పుడు కూడా ఇంత సర్దలేదు.

తోట ధవళేశ్వరంలో మా వీధి చివర, కాలువ గట్టున ఉంది. ఒకప్పుడు పడగొట్టిన ఇళ్ళ ఇటుక ముక్కలు తెచ్చి పోసిన స్థలం. ఇప్పుడు దాని పేరు కాలువగట్టు సామాజిక వన్యప్రాణి ఉద్యానవనం. వన్యప్రాణులు అనగా రెండు ముంగిసలు, కొన్ని ఉడతలు, గోరింకలు, కప్పలు, సీతాకోకచిలుకలు. వాటి బాగోగులకు నలభై మంది స్వచ్ఛంద సేవకులం. నలభై ఒకటో మనిషికి చోటు లేదు. మనుషులు ఎక్కువైతే ప్రాణులు బెదురుతాయట. నలభై మందికి ఎందుకు బెదరవో రాయలేదు.

కార్యదర్శి గణేష్‌బాబు గారు ముప్ఫై నాలుగేళ్ళు ఒక ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరయ్యారు. తోటపని చేస్తే మనిషికి మేలు జరుగుతుందని ఆయన నమ్మకం. ఆ మేలు ఎక్కడా నమోదు కాకపోతే జరగనట్టేనని ఇంకా గట్టి నమ్మకం. అందుకని ఒక యాప్ పెట్టించారు. లోపలికి రాగానే "వచ్చాను" నొక్కి, ఒంటరితనం పదికి ఎంతో చెప్పాలి. పోయేటప్పుడు "వెళ్తున్నాను" నొక్కి, ఒంటరితనం మళ్ళీ చెప్పాలి. రెండో అంకె తగ్గకపోతే యాప్ ఒప్పుకోదు, ఇంకో పావుగంట కలుపు తీయమంటుంది. చివర "ఈరోజు సంతోషం కలిగిందా?" అని అడుగుతుంది. జవాబులు రెండే: అవును, చాలా.

నిబంధనలు మొత్తం అరవై నాలుగు. అన్నీ చదివింది నేనొక్కదాన్నే. బడికి వెళ్ళకుండా పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని. అచ్చులో ఉన్నది ఏదైనా చివరిదాకా చదవకపోతే ఏదో కీడు జరుగుతుందనిపిస్తుంది.

ప్రతి సేవకుడికీ ఒక జోడీ ఉండాలి. నా జోడీ చిట్టెమ్మ గారు. ఇద్దరం మార్చిలో చేరాం. మొదటి రోజు ఆవిడ నాకంటే ముందొచ్చి, తోటలో రాలిన ఆకులన్నీ శుభ్రంగా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టారు.

"అయ్యయ్యో, ఎండుటాకులు తీయకూడదండీ! అవి పురుగుల ఇళ్ళు," అని గణేష్‌బాబు గారు తల పట్టుకున్నారు.

"ఇళ్ళే కదండీ, మరి ఇంటి ముందు ముగ్గుండొద్దా?" అన్నారు చిట్టెమ్మ గారు.

అది బియ్యప్పిండి ముగ్గు. పది నిమిషాల్లో చీమలు బారులు తీరాయి. ఆ వారం నివేదికలో "జీవవైవిధ్యంలో గణనీయమైన పెరుగుదల" అని పడింది.

ఆ రోజే ఇంటికి బయల్దేరుతూ ఆవిడ ఫోన్ నా ముందు పెట్టారు. "వదినగారండీ, ఇదేంటి, వెళ్తున్నానని నొక్కమంటోంది? గేటు దగ్గర నిలబడి ఎవరైనా ఆ మాట అంటారా?"

ఎవరూ అనరు. గుమ్మం దాటే మనిషి "వెళ్ళొస్తాను" అనాలి, ఉండే మనిషి "వెళ్ళిరండి" అనాలి. నేను క్రైస్తవురాలిని, శకునాలు నమ్మను. పాస్టరు గారి ముందు అస్సలు నమ్మను. కానీ లాకుల దగ్గర పనిచేసే మా ఆయన ఐజాక్ గారు, వరద రోజున డ్యూటీకి బయల్దేరుతూ హడావిడిలో "వెళ్తున్నా" అనేశారు. వెనక్కి పిలిచి మాట మార్పించాలా వద్దా అని నేను ఆలోచించేంతలో వీధి మలుపు తిరిగిపోయారు. అప్పటినుంచి ముప్ఫై తొమ్మిదేళ్ళుగా పాలు పోసే మనిషిని కూడా సరైన మాట అనందే మా గుమ్మం దిగనివ్వలేదు.

కాబట్టి మేమిద్దరం ఆ బటన్ ముట్టుకోలేదు. తోటకు నోటితోనే "వెళ్ళొస్తామండీ" అని చెప్పి ఇంటికి పోయేవాళ్ళం. యాప్ లెక్కలో మాత్రం లోపలే ఉండిపోయాం. జూన్ నెలాఖరుకి ఒక్కొక్కరం ఏకబిగిన రెండు వేల ఎనిమిది వందల గంటలు సేవ చేశాం. అంకె బాగుంది కనక ఎవరూ ప్రశ్నించలేదు. ఇద్దరికీ "నిరంతర సేవారత్న" పత్రాలిచ్చారు. తోటపని వలన వృద్ధులకు నిద్ర అవసరం పూర్తిగా తొలగిపోతున్నట్లు గమనించడమైనదని నివేదికలో రాశారు.

మేలు జరగలేదని నేననను. నా బీపీ తగ్గింది. పదిహేడు వస్తువుల్లో చిట్టెమ్మ గారు ఒక్కటీ తెచ్చేవారు కాదు. తెచ్చేది చీపురు, అది జాబితాలో లేదు. రెండో నీళ్ళ సీసా ఆవిడ కోసమే.

ఆగస్టులో ఒక పొద్దున గేటు దగ్గర ఆగారు. "రేపు రాజమండ్రిలో కడుపులో రాళ్ళు తీస్తారంటండీ. మూడ్రోజుల్లో వచ్చేస్తాను. కరివేపాకు చెట్టు మీద ఆ సీతాకోకచిలుక గూడుంది చూడండి, నేనొచ్చేదాకా దాన్ని ఎగరనివ్వకండి."

"నేనెలా ఆపుతానండీ?"

"ఈల ఊదండి. వెళ్ళొస్తాను వదినగారూ."

"వెళ్ళిరండి."

అన్నీ పద్ధతి ప్రకారమే చెప్పుకున్నాం. ఆపరేషన్ కూడా బాగానే జరిగిందన్నారు. మనిషి లేవలేదు.

సెప్టెంబరులో గణేష్‌బాబు గారు నా దగ్గరికొచ్చారు.

"సువార్తమ్మ గారూ, చిట్టెమ్మ గారు ఇంకా లోపలే చూపిస్తున్నారండి. మీరు నొక్కాలి. జోడీ తప్ప ఎవరు నొక్కినా తీసుకోదు."

"చనిపోయారని రాసుకోండి."

"ఆ గడి లేదండి."

"మీ యాప్‌లో ఎవరూ చనిపోరా?"

"వన్యప్రాణులకుందండి, ఆరో పట్టికలో. అందులో పెట్టమంటారా?"

వద్దన్నాను. నలభై రెండో నిబంధన ప్రకారం పదిహేను రోజులు వాయిదా అడిగాను. కారణం గడిలో మొదటిసారి జ్వరం అని రాశాను. రెండోసారి వాన అన్నాను. మూడోసారి "ఆవిడ వస్తానన్నారు" అని రాశాను. మూడూ మంజూరయ్యాయి. మూడోదాని మీద సంతకం పెట్టే ముందు గణేష్‌బాబు గారు కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు. (తోటలో దుమ్ము ఎక్కువ.)

ఈలోగా గేటు బయట సత్యవాణి గారని ఒకావిడ నిలబడటం మొదలుపెట్టారు. భర్త పోయి ఆరు నెలలట. పదిహేడు వస్తువులూ సర్దుకుని వచ్చేవారు. ఖాళీ లేదనేవారు, వెళ్ళిపోయేవారు, మళ్ళీ వచ్చేవారు.

"లోపలికెళ్ళినావిడెవరో బయటికి రావట్లేదంటండీ. ఆవిడొచ్చేస్తే ఆ చోటు నాకిస్తారంట," అన్నారు నాతో. "ఇంట్లో టీవీ పెట్టుకుని, అందులో వాళ్ళడిగేవాటికి నేనే సమాధానాలు చెప్తున్నానండీ."

నవంబరు మూడున నొక్కాను. తిరిగి వచ్చే తేదీ ఎప్పుడని అడిగింది. ఖాళీగా వదిలితే ముందుకు కదల్లేదు, మర్నాటి తేదీ వేశాను. ఒంటరితనం పదికి ఎంతంది. చిట్టెమ్మ గారిది నాకు తెలియదు కనక నాది వేశాను. తగ్గలేదు, పావుగంట కలుపు తీయమంది. తీశాను. సంతోషం కలిగిందా అంటే "అవును" నొక్కాను. "చాలా" అంటే అబద్ధమవుతుందని.

సత్యవాణి గారు లోపలికొచ్చి, సంచి కింద పెట్టి, ముందు ఆకులన్నీ ఊడ్చేశారు. ఈల నా మెడలోనే ఉంది. ఊదలేదు. తన సీసా సంచిలో ఉండగానే నా రెండో సీసా నీళ్ళు తాగేశారు.

రికార్డు కోసం రాస్తున్నాను. "వెళ్తున్నా" అన్న ఐజాక్ గారు 1986 ఆగస్టు పదహారు, శనివారం పొద్దున బయల్దేరారు, తిరిగి రాలేదు. "వెళ్ళొస్తాను" అన్న చిట్టెమ్మ గారు 2025 ఆగస్టు పన్నెండు, మంగళవారం, తొమ్మిదీ ఇరవైకి బయల్దేరారు, తిరిగి రాలేదు.