ఎవరూ అరవని వారం

లోకంలోని సమస్త వస్తువులూ రెండే రకాలు. ఆపితే ఎవరో ఒకరు అరిచేవి, ఆపినా ఎవరూ అరవనివి. ఈ మహత్తర సత్యాన్ని కనిపెట్టింది అడవిలో ముక్కు మూసుకుని తపస్సు చేసిన ముని కాదు. ఒక పెద్ద ఆఫీసు మూడో అంతస్తులో, సర్వర్ల గది పక్కన, స్వెటర్లు వేసుకుని కూర్చుని ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు చూసే సిస్టమ్ అడ్మిన్లు. (ఆ చలి సర్వర్ల ఆరోగ్యం కోసం ఆఫీసు ఏర్పాటు చేసింది. స్వెటర్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.)

ఆ విద్య చాలా తేలిక. ఏదో మూల ఒక పాత సర్వర్ గుర్రుమంటూ తిరుగుతుంటుంది. అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని పెట్టినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశాడు, ఆయన రాసిపెట్టిన కాగితం ఆయనకంటే ముందే పోయింది. "ఇది మీదేనా?" అని ఆఫీసంతటికీ మెయిల్ పెడితే జవాబు రాదు. అప్పుడు దాని వైరు పీకేసి టీ తాగుతూ కూర్చుంటారు. ఎవరైనా అరిచారా, అది వాళ్లది. వారం దాకా ఎవరూ అరవలేదా, అది తుక్కు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు అరుపు పరీక్ష.

ఆ గదిలో ఉండేది ఇద్దరు. ఒకాయన్ని అందరూ బ్యాకప్ అంటారు. ఏ పని చెప్పినా ముందు "బ్యాకప్ తీశారా?" అని అడగడం ఆయన అలవాటు. ఇల్లు మారుతున్నామని చెప్పినవాళ్లని కూడా అలాగే అడిగాడట. పదకొండేళ్ల సర్వీసు, మెత్తని గొంతు. రెండో అతను రీస్టార్ట్. సమస్య ఏదైనా అతని దగ్గర మందు ఒకటే, ఆపి మళ్లీ పెట్టడం. నెట్ రాకపోతే రీస్టార్ట్, మెయిల్ పోకపోతే రీస్టార్ట్, లిఫ్టు ఇరుక్కుంటే కూడా ముందు అతన్నే పిలుస్తారు.

అరుపు పరీక్ష ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ బ్యాకప్‌కి ఏదైనా చేస్తే రాసిపెట్టే జబ్బు ఉంది. అర్ధ సంవత్సరం నివేదికలో దాన్ని కూడా నాలుగు ముక్కల్లో చక్కగా రాసి పైకి పంపాడు. ఇంతవరకూ ఆ నివేదికల్ని చదివినవాళ్లు లేరు. ఆయన ఖర్మ, ఈసారి ఎవరో చదివారు.

పై అంతస్తువాళ్లు ముగ్ధులైపోయారు. పక్షం రోజుల్లో 'నిరుపయోగ వస్తు నిర్ధారణ సంఘం' వెలిసింది. దానికో అధ్యక్షుడు, ఓ రబ్బరు స్టాంపు, పన్నెండు పేజీల నియమావళి. అందులో మొదటి నియమం అరుపు అంటే ఏమిటో చెబుతుంది: 'అరుపు అనగా టికెట్ రూపంలో నమోదైన అసంతృప్తి.' (టికెట్ అంటే ఆఫీసు కంప్యూటర్లో రాసి నమోదు చేసే ఫిర్యాదు.) నోటితో అరిచినది అరుపు కాదు. నిట్టూర్పు, మూలుగు, పళ్లు కొరకడం వగైరాలు వ్యక్తిగత వ్యవహారాలు. (మూడు నిట్టూర్పులు కలిపి ఒక అరుపుగా లెక్కించాలన్న ప్రతిపాదన పరిశీలనలో ఉంది.)

ఇక సంఘం విజృంభించింది. మంచినీళ్ల మిషన్ తీసేశారు. నలభై టికెట్లు పడ్డాయి, తిరిగి పెట్టారు. మెట్ల మీద లైటు తీసేశారు. ఇద్దరు జారి పడ్డారు గానీ పడ్డవాళ్లు మూలిగారే తప్ప టికెట్ వేయలేదు, కాబట్టి లైటు నిరుపయోగమని తేలింది. సలహాల పెట్టె తీసేశారు. దాని గురించి సలహా చెప్పాలనుకున్నవాళ్లు ఎక్కడ వేయాలో తెలియక ఊరుకున్నారు. అదీ నిరుపయోగమే.

వస్తువులు అయిపోయాక సంఘం దృష్టి మనుషుల మీద పడింది.

అధ్యక్షుడు టికెట్ల రిజిస్టరు తెరిపించాడు. గత ఏడాది రీస్టార్ట్ పేరు మీద వచ్చినవి మూడు వందల పన్నెండు. బ్యాకప్ పేరు మీద సున్నా. అందులో వింతేం లేదు. ఏ డిస్కు నిండబోతోందో, ఏ వైరు వదులైందో బ్యాకప్ ముందే చూసి, ఎవరూ గమనించకముందే సరిచేసేవాడు. జనం వచ్చి అడిగే అవకాశమే ఇచ్చేవాడు కాదు. పైగా చిన్నాపెద్దా పనులన్నీ వాటంతటవే జరిగిపోయేలా చిన్న చిన్న ప్రోగ్రాములు, అంటే స్క్రిప్టులు, రాసిపెట్టాడు. పదకొండేళ్లుగా ఆయన గర్వపడింది దానికే. రిజిస్టరులో సున్నా చూసినప్పుడల్లా లోలోపల మురిసిపోయేవాడు కూడా.

సోమవారం ఉదయం బ్యాకప్ చేతికో కాగితం వచ్చింది. 'తమరిని వారం పాటు నిలిపివేయడమైనది. ఈ లోపు తమకోసం కనీసం ఒక్క అరుపైనా నమోదు కానిచో తమ ఉద్యోగము నిరుపయోగముగా పరిగణించబడును. సెలవు ఆనందముగా గడపగలరు.'

రీస్టార్ట్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"చెప్పానా లేదా గురూ? అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వేమో అడక్కముందే పెట్టేస్తావ్. ఇప్పుడు చూడు."

"నువ్వు వేయచ్చుగా ఒక టికెట్?"

"వేద్దామనే చూశా. అడ్మిన్లు అడ్మిన్ల కోసం అరవకూడదట. తొమ్మిదో నియమం."

బ్యాకప్ స్వెటర్ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే ఆయనకి భయం వేసింది. ఈ వయసులో కొత్త ఉద్యోగానికి వెళ్తే "మీరేం చేసేవారు?" అని అడుగుతారు. "ఏమీ జరగకుండా చూసేవాణ్ణండి" అని చెబితే ఎవరిస్తారు?

ఇంట్లో పరిస్థితి పూర్తిగా వేరు. పొద్దున లేచింది మొదలు అరుపులే.

"ఏవండీ, గీజరు పనిచేయట్లేదు!"

"అల్లుడుగారూ, ఈ రిమోటుకేదో అయింది, ఒక్కసారి చూడండి బాబూ!"

"ఏవండీ, మీ కళ్లజోడు ఫ్రిజ్జులో ఉంది!"

మంగళవారం మధ్యాహ్నానికి విషయమంతా విన్న భార్య నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అరుపులే కదా వాళ్లకి కావాల్సింది? మేమిద్దరం పూటకి పాతిక అరుస్తున్నాం. కాగితం మీద రాసిస్తాం, పట్టుకెళ్లండి."

రాసింది కూడా. కింద అత్తగారు సంతకం చేసి, 'మా అల్లుడు లేనిదే ఈ ఇంట్లో టీవీ కూడా రాదు' అని తనవంతుగా ఓ వాక్యం చేర్చింది. సంఘం దాన్ని గౌరవంగా తిప్పి పంపింది. కుటుంబ సభ్యుల అరుపులు తమ పరిధిలోకి రావనీ, అయినా గొంతు మెచ్చుకోదగ్గదేననీ రాసింది.

అదే సాయంత్రం రీస్టార్ట్ ఫోన్ చేశాడు.

"గురూ, ఒక్క మాట. రోజూ పొద్దున్నే పాత ఫైళ్లని ఊడ్చే స్క్రిప్టు ఉందే, నీ చీపురు..."

"ఉంది."

"దాన్ని ఆపెయ్. డిస్కు ఎప్పటికి నిండుతుంది?"

బ్యాకప్ లెక్క వేశాడు. లెక్క ఆయనకి నోటికే వచ్చు. "రేపు మధ్యాహ్నం రెండున్నరకి."

"రెండున్నరకి ఆఫీసులో ఒక్కడి ఫైలూ సేవ్ అవదు. రెండు ముప్పై అయిదుకి భవనం దద్దరిల్లిపోతుంది. నాకు చేతకాదని నేను చేతులెత్తేస్తా. అప్పుడు నువ్వొస్తావ్, ఓ నిమిషంలో బాగుచేస్తావ్, దండలేయించుకుంటావ్."

"తప్పురా."

"తప్పే. ఉద్యోగం పోతే ఒప్పవుతుందా?"

బ్యాకప్ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. బుధవారం తెల్లారగానే ఇంటి నుంచే లాగిన్ అయ్యాడు. జీవితంలో మొదటిసారి బుద్ధిపూర్వకంగా ఒక తప్పు చేయబోతున్నాడు. ముందు బ్యాకప్ తీశాడు. తరవాత చీపురుని ఆపేశాడు.

రెండున్నర అయింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మూడయింది. అత్తగారు రిమోటు కోసం రెండుసార్లు పిలిచింది. మూడుంపావుకి ఆయనే రీస్టార్ట్‌కి ఫోన్ చేశాడు.

"ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు గురూ. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఎవరో పాట కూడా పాడుతున్నారు. నువ్వు సరిగ్గానే ఆపావా?"

అప్పుడు గుర్తొచ్చింది బ్యాకప్‌కి. అయిదేళ్ల కిందట ఒకరోజు ఆయనకి అనుమానం వచ్చింది, ఎవరైనా పొరపాటున చీపురుని ఆపేస్తే ఎలా అని. (ఆ ఎవరైనా అన్నది రీస్టార్టే. మర్యాద కోసం అలా అనుకున్నాడు.) అందుకని ఇంకో సర్వర్లో ఒక కాపలా స్క్రిప్టు పెట్టాడు. చీపురు ఆగితే అది గంటలో పసిగట్టి, చప్పుడు చేయకుండా మళ్లీ నడిపిస్తుంది.

"అయితే దాన్నీ ఆపెయ్," అన్నాడు కాపలా సంగతి విన్న రీస్టార్ట్.

"దానికీ ఒక కాపలా ఉంది."

"దాన్నీ ఆపు!"

"అదెక్కడ పెట్టానో గుర్తులేదురా," అన్నాడు బ్యాకప్. గొంతులో ఏడుపుతో పాటు కాస్త గర్వం కూడా ఉంది. ఎంత దాచుకున్నా అది రీస్టార్ట్‌కి వినిపించింది.

"నీలాంటివాణ్ణి నేను చూళ్లేదు గురూ. నీ కొంప కూల్చడం నీవల్ల కూడా కాలేదు."

ఆఫీసు వారం అయిదు రోజులే కాబట్టి శుక్రవారమే సంఘం ముందు హాజరయ్యాడు. అధ్యక్షుడు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మంచి మనిషి, ఎవర్నీ నొప్పించే రకం కాదు.

"ఇంత శుభ్రమైన రికార్డు నా సర్వీసులో చూడలేదండి. వారంలో ఒక్క టికెట్ లేదు. ఏడాదిలో ఒక్క టికెట్ లేదు. అదే వచ్చింది చిక్కు."

"నేను చేసిన ఏర్పాట్లు నడుస్తున్నాయి కాబట్టే ఎవరూ అరవలేదండి."

"మేమూ అదే రాసుకున్నాం. ఏర్పాట్లు నడుస్తున్నాయి. ఇంక మీరెందుకు?"

"ఏదో ఒకరోజు అవి ఆగుతాయి కదండీ."

"ఆగనివ్వండి. అప్పుడు అరుస్తాం."

"అప్పటికి నేనుండను."

"అవును," అన్నాడు అధ్యక్షుడు సానుభూతిగా. "చాలా గట్టిగా అరవాల్సొస్తుంది."

బ్యాకప్‌కి పదకొండేళ్లలో మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "ఇది అన్యాయం!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చేంత గట్టిగా అరిచాడు. అధ్యక్షుడు తల ఊపి, నియమావళి తిరగేసి, పదో నియమం మీద వేలు పెట్టి చూపించాడు: 'పరీక్షలో ఉన్న వస్తువు తనంతట తాను చేయు శబ్దము లెక్కలోకి రాదు.'

అదే సమావేశంలో రీస్టార్ట్ ఉద్యోగాన్ని అత్యంత ఆవశ్యకమైనదిగా ప్రకటించి, ఏడాదికి మూడు వందల పన్నెండు అరుపులు సాధించినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ పత్రం చేతిలో పట్టుకుని అతను మూడో అంతస్తుకి వచ్చేసరికి బ్యాకప్ తన సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"ఇదిగో, తాళాలు," అన్నాడు బ్యాకప్. "అన్నీ రాసిపెట్టాను. చదువు."

"నేను చదవనని నీకు తెలుసుగా గురూ."

"తెలుసు. అందుకే బొమ్మలు కూడా వేశాను."

సరిగ్గా అయిదింటికి, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే, ఆయన లాగిన్ మూసుకుపోయింది, తలుపు కార్డు పనిచేయడం మానేసింది, పేరు జాబితాలోంచి చెరిగిపోయింది. ఉద్యోగం వదిలినవాళ్లని ఆఖరి రోజు అయిదింటికి తొలగించే స్క్రిప్టు అది. ఎప్పుడో ఆయనే రాశాడు, ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు.

రీస్టార్ట్ కిటికీ దగ్గరికి వెళ్లి, వీధిలో స్వెటర్ సంచి పట్టుకుని నడిచి వెళ్తున్న మనిషిని చూశాడు. చూసి, మూడు అంతస్తులూ ఉలిక్కిపడేలా "గురూ!" అని అరిచాడు.

టికెట్ లేనందువల్ల అది నమోదు కాలేదు.