దుకాణం మూసిన రెండు గంటలు

మంగళవారం పొద్దున దుకాణం తలుపు తీస్తూనే ఎసేతా లెక్క తేల్చుకుంది. శుక్రవారం లెర్నర్ పర్మిట్ రాతపరీక్ష. పుస్తకం అరవై పేజీలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సవాయీ దీవిలో ఎవరూ ఏమీ కొనరు. మూడు రోజులు, రోజుకు రెండు గంటలు, పేజీకి ఆరు నిమిషాలు.

పాసవక తప్పదు. భర్త మతాయో సోమవారం ఆపిల్ కోతకు న్యూజిలాండ్ వెళ్తున్నాడు. మళ్లీ వచ్చేది ఏడు నెలలకు. రేవు దగ్గరి బేకరీ నుంచి రోజూ ఎనభై రొట్టెలు తెచ్చేది అతనే. రొట్టెలు లేని దుకాణం గడప ఎవరూ తొక్కరు. పికప్ బండి తోలడం ఆమెకు వచ్చు, కాగితమే లేదు.

"మూసేస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో," అన్నాడు మతాయో.

"రెండు గంటలకేం అనుకుంటారయ్యా?"

తొమ్మిదేళ్లలో ఆ దుకాణం పనిరోజున మూతపడింది ఒక్కసారే, అత్తగారు పోయినప్పుడు. ఆ సంగతి ఆమె లెక్కలోకి రాలేదు. ఊరికి మాత్రం గుర్తుంది.

రెండుంబావుకు ఎదురింటి ఫియావా సబ్బు కోసం వచ్చి, మూసిన తలుపు చూసి, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది. దుఃఖంలో ఉన్నవాళ్లను ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. ఆ కుటుంబంలో అందరికన్నా పెద్ద తొంభై ఒక్కేళ్ల తుయియాలా, కాబట్టి ఆయనే అయ్యుంటాడని ఆమె తీర్మానించింది. రెండున్నరకు చర్చి గంట మోగింది. ఎసేతా ఆరో పేజీ నుంచి తలెత్తేసరికి, దుకాణాన్ని ఆనుకున్న వాళ్ల గోడల్లేని పెద్దింట్లో అరవైమంది బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో చావింటికి కానుకగా తెచ్చిన సన్నల్లిక చాపల గుట్ట.

"దిగమింగుకోకమ్మా, ఏడ్చెయ్," అంది ఫియావా.

"ఏడుపేంటి వదినా, నేను చదువుకుంటున్నా."

"పాపం, మతి చలించింది," అని పక్కామెతో చెప్పింది ఫియావా.

అంతలో తుయియాలా కర్ర పొడుచుకుంటూ, చంకలో తన చాపతో వచ్చి కూర్చున్నాడు. "ఎవరు పోయార్రా?"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "మీరేనండి, పెద్దయ్యా."

ముసలాయన కర్ర పక్కన పెట్టాడు. "ఎన్నింటికి?"

"రెండింటికటండి."

"అప్పుడు పడుకునున్నాను. అయ్యుండొచ్చు."

తర్వాత సంగతంతా విని తీర్పు చెప్పాడు. "తెచ్చిన చాపలు వెనక్కి పోకూడదు. ఈ పిల్ల పరీక్ష కోసమే వచ్చామనుకోండి. చదవ్వే, వింటాం."

ఆమె చదివింది. రౌండెబౌట్ దగ్గర ఎవరు ముందు పోవాలన్న చోట సభల్లో ఊరి తరఫున మాట్లాడే వక్తలిద్దరూ లేచి నిలబడ్డారు.

"పెద్దరికం గలవాడు ముందు."

"కుడివైపు నుంచి వచ్చేవాడని రాసుంది కదయ్యా."

"వాడు ఎవరి కొడుకో రాసుందా మరి?"

ఆ ఒక్క వాక్యానికి నలభై నిమిషాలు పట్టింది. బుధ, గురువారాలూ అంతే. బయట వాన దంచుతున్నా ఒక్కరూ కదల్లేదు. ముసలమ్మలు చాపలల్లుతూ బ్రేకు దూరాల సంగతి కీర్తన విన్నట్టు విన్నారు. నిమిషాలు లెక్కపెట్టుకుని బతికే ఎసేతాకు, ఇంతమంది తమ రోజుల్ని తెచ్చి తన ముందు ఇలా కుమ్మరిస్తుంటే, దాన్ని దేనితో కొలవాలో తోచలేదు.

శుక్రవారానికి అయినవి పద్దెనిమిది పేజీలు. అయినా ముప్పై ప్రశ్నలకూ ముప్పై ఒప్పులు. చదివిన పేజీల్లోని ప్రశ్న రాగానే దాని మీద వాదించినవాళ్ల గొంతు చెవిలో పలికింది. చదవని పేజీల్లోవాటికి, తుయియాలా ఏమనేవాడో ఊహించి దానికి పూర్తిగా వ్యతిరేకం రాసింది.

గుమస్తా ముద్ర వేశాడు. "లైసెన్సున్నవాళ్లు పక్కన కూర్చుంటేనే బండి తీయాలమ్మా. చివరి పేజీలో ఉంది."

"మా ఆయన సోమవారం వెళ్లిపోతున్నాడండి."

"అయితే ఇంకెవర్నైనా చూసుకోండి."

బయట ఆమె కోసం ఊరి నుంచి వచ్చిన రెండు బస్సుల జనం ఆమె ముఖం చూసి సంగతి గ్రహించారు. తుయియాలా అక్కడే వరండాలో సభ పెట్టాడు. లైసెన్సున్నవాళ్లు పదకొండుమంది తేలారు. పక్కసీటు గౌరవం ఒక్కరికే ఇచ్చి మిగతావాళ్లను చిన్నబుచ్చడం కుదరదని మూడు గంటలు మాట్లాడి నిర్ణయించారు.

సోమవారం ఆమె పక్కన ఒకరు, వెనక తొట్టిలో పదిమంది ఎక్కారు. బేకరీలో ఎనభై రొట్టెలు ఎత్తించుకుంది. దారి పొడవునా పదకొండుమందీ తింటూ, ఎదురైనవాళ్లకు పంచుతూ వచ్చారు. దుకాణానికి ఇరవై ఆరు చేరాయి.