కంటికి గ్రేస్ మార్కులు

ఈ నెలాఖరు నుంచి రాష్ట్రంలో నెలలు నిండకుండా పుట్టిన ఏ బిడ్డ కంట్లోనూ వంకర రక్తనాళం ఉండబోదని మంత్రిగారు తార్నాక సభలో ప్రకటించారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవారు ప్రొఫెసర్ పార్థసారథి. యూనివర్సిటీలో పసికందుల కంటి ఫొటోలు కొలిచే కేంద్రానికి ఆయనే డైరెక్టర్. కళ్ల సంగతి ఆయనకు పెద్దగా తెలియదు, నిజమే. అంతకుముందు పదకొండేళ్లు పరీక్షల విభాగం నడిపారు. ఫెయిలైనవాణ్ణి గట్టెక్కించడంలో అంతటి చెయ్యి క్యాంపస్‌లో మరొకటి లేదు.

కేంద్రంలో పని సులువే. బిడ్డ కంటి ఫొటో ఎక్కిస్తే కంప్యూటర్ నాళాల లావు, మెలికలు కొలిచి ఒక అంకె చెబుతుంది. అయిదు దాటితే రెండు మూడు రోజుల్లో లేజర్ చెయ్యాలి.

మంత్రిగారు ఆ కేంద్రాన్ని ప్రారంభించడానికి వచ్చే ముందురోజు, వారాసిగూడ సారలమ్మ ఏడో నెలలోనే పుట్టిన కూతుర్ని తెచ్చింది. అంకె తొమ్మిది వచ్చింది.

"ఇయ్యాలనే పెద్దాస్పత్రికి పంపాలె సార్. ఆలస్యమైతే చూపు పోతది" అంది, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న సింధూజ.

"రేపు మినిస్టర్‌గారి ముందు పెట్టే మొదటి రిపోర్టే ఫెయిలా?" పార్థసారథి మనసు కరిగి నీరైంది. "ఎన్ని వేలమందిని ఒడ్డున పడేశాను! ఈ పసిగుడ్డు ఏం పాపం చేసింది? పాస్ మార్కు పది చెయ్యమ్మా."

"ఇది కన్ను సార్, ఆన్సర్ షీట్ కాదు."

"నీ థీసిస్ ఎవరి టేబుల్ మీదుందో గుర్తుందా?"

సింధూజ కదల్లేదు. సారే శ్రమపడి వంగి, ఒక్క వేలితో అయిదు చెరిపి పది కొట్టారు. తెర మీద ఎరుపు పోయి పచ్చ వచ్చింది. సర్టిఫికెట్ మీద సంతకం, స్టాంపు పడ్డాయి.

సింధూజ గేటు దాకా పరుగెత్తి సారలమ్మను ఆపింది. "అక్కా, ఆ కాయితం నమ్మకు. సీదా ఆస్పత్రికి పో."

"గట్లంటవేంది చెల్లె? పెద్దసారు పాసైందన్నడు. దస్తకత్ గూడ పెట్టిండు" అంటూ సారలమ్మ ఆ కాగితాన్ని కొంగులో భద్రంగా చుట్టుకుని ఆటో ఎక్కింది.

మూడు నెలలకు, వందకు వంద శాతం ఫలితాలు సాధించినందుకు అదే తార్నాకలో విజయోత్సవం జరిగింది. మంత్రిగారు సారలమ్మ బిడ్డను ఎత్తుకున్నారు. ఇరవై కెమెరాలు ఆ చిన్ని మొహం మీద ఒక్కసారిగా మెరిశాయి.

"చూశారా! ఇన్ని లైట్లు పడ్డా పాప రెప్ప కొట్టలేదు. ఏం ధైర్యం!" అన్నారు మంత్రిగారు మైకులో.

అందరికన్నా ముందు పార్థసారథి చప్పట్లు కొట్టారు. బిడ్డ ఆ చప్పుడు వచ్చిన వైపు తల తిప్పింది.