వెరీ హోమ్లీ

పదింటికి ఫిల్మ్ నగర్‌లోని ఆఫీసుకు వెళ్లి, ఒకసారి కనబడి రావాలి. రహమత్ నగర్ మనోజ ఆ ఉదయం అనుకున్నది ఇంతే. ఆరేళ్లుగా పెళ్లి సీన్లలో, బస్టాండు సీన్లలో గుంపులో నిలబడుతున్న ఆమెకు మొదటిసారి మాటలున్న వేషం రాబోతోంది. "డైరెక్టర్ గారు మీ ఫొటో చూసి వెరీ హోమ్లీ అన్నారండీ. అమెరికాలో సినిమా చదువుకొచ్చిన మనిషి, ఊరికే అనరు" అని ప్రొడక్షన్ మేనేజర్ ఫోనులో చెప్పాడు.

"హోమ్లీ అంటే ఏందే?" అంది తల్లి బాలమణి, కూతురికి జడ వేస్తూ.

"ఇంటిపిల్ల లెక్క ఉన్ననని. సినిమావాళ్లు గట్లనే అంటరు."

మనోజ అక్కడితో ఊరుకుంది. బాలమణి ఊరుకునే మనిషి కాదు. కొత్త మాట చెవిన పడితే దాని అంతు చూడందే ఆమెకు అన్నం సయించదు. మేడ మీద అద్దెకున్న రిటైర్డు ఇంగ్లీషు మాస్టారు సుబ్బరామయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆయన నిఘంటువు తెరిచి సంబరపడిపోయాడు.

"భలే మాటమ్మా ఇది! మనవాళ్లకు ఇంటిపిల్ల. ఇంగ్లండు వాళ్లకు సొంతింట్లో ఉన్నంత హాయి. అమెరికాలో మాత్రం..."

"అమెరికాల?"

"మొహం అంత బాగోలేదని."

సముద్రం దాటితే మాట కూడా మారిపోతుంది కాబోలు. బాలమణికి ఒళ్లు మండింది. "నా బిడ్డ మొహానికేమైంది?" అంటూ కూతుర్ని లాక్కెళ్లి సందు చివరి పార్లర్‌లో కూర్చోబెట్టింది. మనోజ మొత్తుకున్నా వినలేదు. అతికించిన రెప్పవెంట్రుకలతో, ఉంగరాలు తిప్పిన జుట్టుతో ఆమె తల్లి వెంట ఆఫీసుకు చేరేసరికి పన్నెండైంది.

డైరెక్టర్ సుహాస్ ఫొటో చూసి, మనోజను చూసి, మళ్లీ ఫొటో చూశాడు. "ఈవిడెవరండీ?"

"మీరు హోమ్లీ అన్న పిల్లనే సార్!" బాలమణి ముందుకొచ్చింది. "ఇప్పుడు చెప్పుండ్రి, బాగలేదా?"

"చాలా బాగున్నారమ్మా, అదే చిక్కు. ఇది హీరోయిన్ స్నేహితురాలి వేషం. పక్కనున్న అమ్మాయి అందంగా ఉంటే హీరోయిన్నెవరు చూస్తారు? అందం లేదనే కదా ఏరికోరి పిలిపించాను! ఇక వేరే అమ్మాయిని చూసుకోవాలి."

మనోజ కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలమణి ఒక్క క్షణం బిత్తరపోయింది. మరుక్షణం బల్ల మీది నీళ్లతో కొంగు తడిపి కూతురి మొహం రుద్దడం మొదలుపెట్టింది.

"అయ్యో సార్, గిదంత రంగు! కడిగితే ఏముండదు. గీ ముక్కు చూడుండ్రి, చప్పిడి ముక్కు, వాళ్ల నాయనది. పండ్లు జర ఎత్తు. నవ్వితే ఇంక ఘోరం. చిన్నప్పుడు ఎవ్వరూ ఎత్తుకోకపోతుండె, ఒట్టు!"

"అమ్మా!"

"నువ్వాగే. నీ కోసమే చెప్తున్న."

తడి మొహాన్ని సుహాస్ అటు నుంచీ ఇటు నుంచీ పరీక్షగా చూశాడు. "నిజమేనమ్మా. ఖాయం చేసుకోండి" అన్నాడు.

వేషం దక్కింది. మనోజ వారం రోజులు తల్లితో మాట్లాడలేదు.