జేబులో ఎర

ఆరోజు కదిరవన్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. పొద్దున పత్తి పరిశోధన కేంద్రంలో కొత్త రకం వేసిన మడికి లింగాకర్షక బుట్టలు కట్టాలి. మధ్యాహ్నం సెలవు పెట్టి, అక్క ధనంతో కలిసి బస్సెక్కి, పెరియంపట్టిలో పిల్లను చూడాలి. మధ్యలో ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోవడం దండగని పెళ్ళిచూపుల చొక్కాతోనే పనికొచ్చాడు. తెలివి ఎక్కువైనవాళ్ళకే ఇలాంటి ఆలోచనలొస్తాయి.

బుట్టలో పెట్టే ఎర చిన్న రబ్బరు ముక్క. పత్తికాయలు తొలిచే గులాబీ రంగు పురుగుంది చూశారూ, దాని ఆడ రెక్కలపురుగు వాసన ఆ ముక్కకు పట్టించి ఉంటుంది. మనుషుల ముక్కుకు తెలియదు గానీ, మగవి వెతుక్కుంటూ వచ్చి బుట్టలో పడి చస్తాయి. ఆఖరి బుట్ట కర్ర విరిగిపోయి ఉంటే, కదిరవన్ చేతిలోని ఎరను జేబులో వేసుకుని వేరే కర్ర కోసం వెతికాడు. అంతలో ధర్మపురి బస్టాండు నుంచి అక్క ఫోను.

"రేయ్ కదిరా, బస్సు కదల్తాండాది! ఈ సంబంధమూ పోతే నేనింక ఎవురి గడపా తొక్కను, చెప్తాండా!"

కదిరవన్ పరుగందుకున్నాడు. కాంట్రాక్టు ఉద్యోగమని ఒకరు, పురుగుల పని అని ఇంకొకరు ఇప్పటికే కాదన్నారు. ఫోటోలో నవ్విన శివరంజని మాత్రం అతని మనసులో కూర్చుండిపోయింది. ఈమె కూడా కాదంటే తట్టుకోలేడు.

పిల్ల తండ్రి నరసింహన్ పత్తి రైతు. ఇంటి వెనకే చేను. పోయినేడు గులాబీ రంగు పురుగు పంటను ఊడ్చుకుపోయింది. దాని పేరెత్తితే ఆయన ఒంటికాలి మీద లేస్తాడు. చీకటి పడుతుండగా శివరంజని కాఫీ తెచ్చింది. కదిరవన్ తలెత్తి చూసేలోగా రెక్కలపురుగొకటి వచ్చి అతని జేబు మీద వాలింది. చిటికెతో ఎగరగొట్టాడు. రెండొచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పిలవని పేరంటం కాదిది, పిలుపు తన జేబులోనే ఉంది! ఎరను బయట పారేద్దామంటే పక్కనే చేను, పురుగులన్నీ అక్కడికే చేరతాయి. ఉంచుకుందామంటే ఎదురుగా మామ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జేబును అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"ఏమి తంబీ, ఎదురొమ్ము నొప్పా?" అంది పిల్ల అవ్వ పెరుమాయి.

"లే... లేదవ్వా."

"చెమట పోస్తాండాది చూడు! మా ఇంటాయన గూడా ఇట్లనే చెయ్యి పెట్టుకోని, లేదు లేదంటానే పోయినాడు!"

నరసింహన్ ముఖం మాడిపోయింది. "ఏమమ్మా ధనం, గుండె జబ్బు దాచిపెట్టి పిల్లనడగను వచ్చినారా?"

"అయ్యో మామా, రాయి మాదిరి ఉండాడు! రేయ్, చెయ్యి తియ్యి!"

"తియ్యలేనక్కా."

"చెయ్యి గూడా పడిపోయిందే!" పెరుమాయి శోకాలందుకుంది. ఇరుగుపొరుగు గుమ్మంలో గుమిగూడారు. ఎవరో నూట ఎనిమిదికి ఫోను కలుపుతున్నారు. ఇక లాభం లేదని కదిరవన్ చెయ్యి తీసేశాడు.

ఇంట్లో తిరుగుతున్న రెక్కలపురుగులన్నీ ఆ జేబు మీదికి ఉరికాయి. నరసింహన్ ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టి, లైటు దగ్గర తిప్పి చూశాడు.

"ఇది నా చేన్లో పురుగు."

కదిరవన్ ఎర సంగతంతా చెప్పేశాడు. "తప్పయిపోయింది మామా. వీటిని పిలిచింది నేనే."

నరసింహన్ లేచి నిలబడ్డాడు. "చొక్కా విప్పు."

ధనం తమ్ముడికి అడ్డంగా వచ్చింది. "కొట్టద్దు మామా, నోరులేనోడు!"

"కొట్టేదెందుకమ్మా? ఇంటికొచ్చినవన్నీ చేనికి తప్పినట్లే గదా! ఇన్నేండ్లుగా మందు కొడతానే ఉండాను, ఒక్కటీ ఇట్లా కండ్ల ముందరికి వచ్చి నిలబడలేదు. విప్పు తంబీ, చేన్లో కర్రకు తగిలిస్తాను."

"కింద తొట్టిలో సబ్బునీళ్ళు పెట్టండి మామా, పడి చస్తాయి," అన్నాడు కదిరవన్ గుండీలు విప్పుతూ. భయంలోనూ ఉద్యోగ ధర్మం మరవలేదు.

"మరి సంబంధం మాట?" అంది ధనం.

"పిల్లనడగల్ల."

తలుపు చాటు నుంచి శివరంజని గొంతు వినిపించింది. "చొక్కా వాపసు తీసుకోను ఆయన రావల్ల గదా, నాయనా."

పెళ్ళయ్యాక ఆడపిల్ల అత్తింటికి కాపురానికి వెళ్ళడం లోకాచారం. ఇక్కడ పెళ్ళికొడుకు బనీనుతో బస్సెక్కుతుంటే, అతని చొక్కా మాత్రం ముందే కాపురానికి వెళ్ళింది.