అందరి పేరా ఆత్మారామే

రెండు వేల ఆరులో ఒకనాటి ఉదయం, చాయ్ తాగాక పదిమంది ఆడవాళ్ళుగా మారిపోవాలని ఆత్మారాం నిశ్చయించుకున్నాడు. నిజామాబాద్‌లో అతనిది చిన్న ఇంటర్నెట్ సెంటర్. ఒక ముఖం క్రీము కంపెనీ అతనికి పని ఇచ్చింది. ఆడవాళ్ళ ముచ్చట్ల వెబ్‌సైటులో ఆ క్రీము గురించి పోస్టులు రాయించాలి, పోస్టుకింత అని ఇస్తారు. షరతు ఒక్కటే: వాడినవాళ్ళే, ఎవరి పేరున వాళ్ళే రాయాలి. ఈ పని నిలబడితే భార్య సుమిత్రమ్మ చేత బీడీలు చుట్టడం మాన్పించవచ్చు. తంబాకు దుమ్ముకు ఆమె దగ్గుతుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

షరతు అతన్ని పెద్దగా బాధించలేదు. వాడకట్టులో ఒకరికి బీడీ కంపెనీ ఇచ్చిన కార్డు మీద ఇంకొకరు బీడీలు చుట్టడం మామూలే. ఇదీ అంతే అనుకున్నాడు. పక్కింటి రాధాబాయి పేరున "యాభై దాటాక నా ముఖం పెళ్ళికూతురిలా అయింది" అని రాశాడు. ఎవరూ నమ్మరేమోనని ఇంకో పేరున అనుమానపడ్డాడు. మూడో పేరున ఆ అనుమానాన్ని చీవాట్లు పెట్టాడు. పాపం, పొద్దంతా తనతో తానే పోట్లాడాడు.

రాధాబాయికి ఎంత పేరొచ్చిందంటే, వారం తిరక్కుండానే కంపెనీ మనిషి చెన్నకేశవరావు ఫోను చేశాడు.

"రేపు వస్తున్నానండీ. రాధాబాయిగారి ఫోటో తీసుకోవాలి. తక్కినవాళ్ళనీ పిలిపించండి."

ఆత్మారాం కంపెనీ పంపిన క్రీము డబ్బాలు పట్టుకుని, ఆడవాళ్ళు బీడీలు చుట్టే తన ఇంటి వాకిట్లోకి ఉరికి సంగతంతా చెప్పాడు.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత! ఇయ్యాల రాసుకోండ్రి. రేపు మంచిగున్నదని చెప్పుండ్రి."

"నన్నడుగకుంట నన్ను పెండ్లిపిల్లను జేసినవురా?" రాధాబాయి ఒళ్ళో చాట దించింది. "మా కార్డు మీద ఎవలు చుట్టినా బీడీ అయితే అసలుదే గద! నువ్వు ఉత్త గాలి చుట్టినవు."

లోపల సుమిత్రమ్మ దగ్గింది. రాధాబాయి మెత్తబడి డబ్బా లాక్కుంది.

"నీ మొకం సూసి గాదు. దాని దగ్గు కోసం ఇటియ్యి."

మర్నాడు చెన్నకేశవరావు కెమెరా తీశాడు. "ఎలా ఉందమ్మా క్రీము?"

"శానా మంచిగున్నది సారూ!" అన్నారందరూ.

"అయితే ముఖం కాస్త ఇటు వెలుగులోకి తిప్పండి."

అందరూ చేతులు చాపారు.

"తంబాకు చేతులు మొకానికెట్ల వెట్టుకుంటం సారూ? వేళ్ళకు రాసుకున్నం. పగుళ్ళ మంట సల్లారింది," అంది రాధాబాయి.

"మరి ఆ పెళ్ళికూతురు?"

ఆత్మారాం తలొంచుకుని అంతా ఒప్పుకున్నాడు. చెన్నకేశవరావు సెంటర్లో కూర్చుని పోస్టులన్నీ దగ్గరుండి తీయించాడు. పని పోయిందనుకుని ఆత్మారాం గోడకు చేరగిలబడ్డాడు.

కానీ చెన్నకేశవరావు అతన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వాకిట్లోకి వెళ్ళి ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. "ఈ ఊళ్ళో బీడీలు చుట్టే చేతులెన్నండీ! ఇన్నాళ్ళూ మేం ముఖాలనే పట్టుకు వేలాడుతున్నాం. వీళ్ళు చెప్పిందే రాయించండి, వీళ్ళ పేర్లతోనే. మీరు మాత్రం రాయొద్దు. చదువుకున్న ఆడమనిషి ఎవరైనా ఉన్నారా?"

"మా సుమిత్ర పది పాసైంది," అంది రాధాబాయి వెంటనే.

ఆత్మారాం ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "నీ రుణమెట్ల దీర్చుకోవాలె అక్కా!"

"ఏడ్వకురా, తంబాకు తడుస్తది."

ఆ వారమే సుమిత్రమ్మ చాట వదిలి కంప్యూటర్ ముందు కూర్చుంది. తానూ ఒక పోస్టు రాస్తానని ఆత్మారాం ముచ్చటపడితే, ముందు నెలరోజులు బీడీలు చుట్టి రమ్మంది.